దేశానికే ఛాంపియన్లయ్యారు, మావాడు మాత్రం ఇంకా మిషిగన్ మీద ఓడిపోయామనే సణుగుతున్నాడు. ఎందుకు?

డ్రిల్లు మాస్టారు, రేపల్లె
23 జనవరి 2025

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పీఈటీగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ, వాలీబాల్ నేర్పాను. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి కిందటి ఆగస్టు దాకా నాకు తెలిసింది ఒక్కటే, చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరు పెట్టుకున్నారని.

మావాడు ఆ నెల్లోనే ఎమ్మెస్ చదవడానికి అమెరికాలోని కొలంబస్ వెళ్ళాడు, ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి. వెళ్ళిన రెండు వారాలకే ఫోన్లో చదువు మాటలు తగ్గి ఆట మాటలు పెరిగాయి. సరే, పిల్లాడు ఒంటరిగా లేడు కదా అని ఊరుకున్నాను. ఊరుకోవడమేమిటి, ప్రతి ఆదివారం స్కోరు చెప్పించుకుని పాత అలవాటు కొద్దీ లాంగ్ నోట్‌బుక్‌లో రాయడం కూడా మొదలుపెట్టాను.

మొదటి మూడు మ్యాచ్‌లూ హైస్కూలు పిల్లలు ఎలిమెంటరీ పిల్లల మీద ఆడినట్టున్నాయి. ఆక్రన్ మీద 52–6, వెస్టర్న్ మిషిగన్ మీద 56–0, మార్షల్ మీద 49–14. ఇందులో గొప్పేముందిరా అన్నాను. అక్టోబరు 12న ఒరెగాన్ వెళ్ళి 32–31తో ఓడారు. అది చెప్పినప్పుడు మాత్రం నాకు ఆసక్తి పుట్టింది. ఇంకా 10 సెకన్లుందనగా ఒరెగాన్ వాళ్ళు మైదానంలో 11 మందికి బదులు 12 మందిని నిలబెట్టారట. పెనాల్టీ 5 గజాలే, కానీ ఆ ప్లే అయ్యేసరికి 4 సెకన్లు గడిచిపోయాయి. పోయిన టైమ్ మాత్రం తిరిగి ఇవ్వరట. చివరికి ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, విల్ హోవర్డ్ బంతి పట్టుకుని ఉరికి, కిందకి జారేసరికి గడియారం సున్నా. వారం తిరక్కుండానే ఆ రూల్‌లో సందు మూసేశారట. ముప్ఫై ఏళ్ళు ఈల ఊదినవాణ్ణి, రూల్ పుస్తకంలో సందు కనిపెట్టిన వాడంటే నాకు కోపమూ వస్తుంది, లోపల చిన్న ముచ్చటా వేస్తుంది.

నవంబరు 2న పెన్ స్టేట్ మీద 20–13. ప్రత్యర్థులు గీతకి 3 గజాల దూరం దాకా వచ్చి నాలుగు సార్లు ప్రయత్నించినా దాటలేకపోయారు. ఆ తర్వాత మిగిలిన ఐదు నిమిషాలూ బంతి వదలకుండా వీళ్ళే కరిగించేశారు. ఈ ఆటని చూసే పద్ధతి నాకు అక్కడ పట్టుబడింది. ఒక్కో ప్లే ఒక్కో రెయిడ్ లాంటిది. ఈల, దూకుడు, పట్టు, మళ్ళీ ఈల. నాలుగు రెయిడ్లలో 10 గజాలు దాటితే ఇంకో నాలుగు ఇస్తారు.

నవంబరు 30. మిషిగన్ తో మ్యాచ్, వీళ్ళ మైదానంలోనే. ఆ మిషిగన్ జట్టు అప్పటికి 6 గెలిచి 5 ఓడింది, ర్యాంకు కూడా లేదు. ఇక్కడ రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. వాడి గొంతు పూడుకుపోయింది. “నాన్నా, పోయింది” అన్నాడు. నేను పరీక్ష అనుకున్నాను. మా ఆవిడ వీసా అనుకుని మంచం మీద కూలబడింది. తీరా చూస్తే 13–10. పైగా మిషిగన్ కుర్రాళ్ళు మైదానం మధ్యలో జెండా పాతబోతే కొట్టుకున్నారని, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారని వీడియో పంపాడు. నువ్వు ఎక్కడున్నావురా అంటే, పైన ఆఖరి మెట్ల మీద ఏడుస్తూ కూర్చున్నానన్నాడు. ఇరవై మూడేళ్ళ గాడిద.

సరే, ఆ తర్వాత కథ మీకు తెలుసు. టెనెసీ మీద 42–17, ఒరెగాన్ మీద 41–21, టెక్సస్ మీద 28–14, మొన్న 20న అట్లాంటాలో నోటర్ డామ్ మీద 34–23. కప్పు వచ్చింది. ఆ చివరి మ్యాచ్ నేనూ చూశాను. మావాడు ఫోన్ కెమెరా టీవీ వైపు తిప్పి పెట్టాడు, ఇక్కడ పొద్దున ఆరింటి నుంచి కాఫీ మీద కాఫీ తాగుతూ కూర్చున్నాను.

నా సందేహం ఇది. లీగులో రెండు ఓడి, వాళ్ళ కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీ జట్లు కలిసి ఆడుకునే గుంపు) ఫైనల్‌కే వెళ్ళని జట్టు దేశం మొత్తానికి ఛాంపియన్ ఎలా అయింది? అయ్యారు పో. మరి నిన్న ఫోన్ చేస్తే, “కప్పు సరే నాన్నా, కానీ మిషిగన్...” అంటాడేమిటి? కోచ్‌ని తీసేయమని నవంబరులో గోల చేసినవాళ్ళు ఇప్పుడేమంటున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో సంగతి, ఆ కిక్ కొట్టే కుర్రాడి గురించి కూడా.


డబ్లిన్ బాబాయ్

మాస్టారూ, నమస్తే. డబ్లిన్ అంటే ఐర్లండ్‌లోది కాదండోయ్, కొలంబస్‌కి వాయవ్యాన ఉన్న ఊరు. 18 ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం. ముందు మీవాడిని గాడిద అనకండి. ఆ రోజు మా వీధిలో అరవై ఏళ్ళ పెద్దమనిషి ఆకులు ఊడ్చే మిషన్ పట్టుకుని అరగంట సేపు ఒకే చోట నిలబడ్డాడు, దాన్ని ఆన్ చేయకుండా.

మిషిగన్ మ్యాచ్‌కి వారం ముందు క్యాంపస్‌లో బోర్డుల మీద ఉన్న ‘ఎం’ అక్షరాలన్నిటికీ ఎర్ర టేపుతో ఇంటూ మార్కు కొడతారు. మీవాడు ఫొటో పంపి ఉంటాడు. ఆ యూనివర్సిటీ పేరు కూడా నోటితో పలకరు, ‘పైనున్న ఆ జట్టు’ అంటారు. మన పల్లెల్లో పాము పేరు రాత్రిపూట ఎత్తకుండా పురుగు అంటారు చూడండి, అలాగ. ఈ రెండు రాష్ట్రాలూ 1835లోనే టోలెడో ఊరు మాదంటే మాదని సైన్యాలు పోగేసుకున్నాయి. 1897 నుంచీ బంతితో కొట్టుకుంటున్నాయి.

అసలు జవాబు మాత్రం ఒక నిక్కరులో ఉంది. నవ్వకండి. మిషిగన్‌ని ఓడించిన ఏడాది ఒహాయో స్టేట్ ఆటగాళ్ళకి చిటికెన వేలంత బంగారు నిక్కరు బొమ్మ ఇస్తారు. 1934లో కోచ్‌గా వచ్చిన ఫ్రాన్సిస్ ష్మిట్, మిషిగన్ వాళ్ళు కూడా మనలాగే ఒక్కో కాలూ దూర్చి నిక్కరు తొడుక్కునేవాళ్ళే అన్నాడట. అలా మొదలైంది. ఇప్పుడు లెక్క చూడండి. జాక్ సాయర్, జేటీ టుయిమోలోవా, ఎమెకా ఎగ్బూకా, ట్రెవియన్ హెండర్సన్. ఈ నలుగురూ 2021లో చేరారు, ఏటా మిషిగన్ చేతిలో ఓడారు. 2021లో 42–27, 2022లో 45–23, 2023లో 30–24, నాలుగోసారి మొన్నటి 13–10. కిందటేడే ప్రొఫెషనల్ ఆటకి వెళ్ళి డాలర్లు లెక్కపెట్టుకోగలిగినవాళ్ళు. వెళ్ళకుండా ఇంకో ఏడాది ఆగారు, ఈ ఒక్క మ్యాచ్ కోసం. వాళ్ళ వేలికి దేశం కప్పు ఉంగరం వస్తుంది. నిక్కరు మాత్రం ఇక రాదు. మీవాడు సణిగేది దాని గురించే.

ఇక రెండు ఓడి ఛాంపియన్ ఎలా అయ్యారంటే, అది ఈ ఏడాది మారిన పద్ధతి పుణ్యం. 2014 సీజన్ నుంచి నాలుగు జట్లకే ప్లేఆఫ్, అంటే ఛాంపియన్‌ని తేల్చే చివరి పోటీలు, ఉండేది. 2024లో దాన్ని 12 చేశారు. కమిటీ ర్యాంకుల్లో ఒహాయో స్టేట్ 6వది. పాత పద్ధతిలో అయితే డిసెంబరులోనే మూట కట్టుకుని ఇంటికి. 2024 రూలు ప్రకారం కాన్ఫరెన్స్ విజేతలకి ముందు నాలుగు స్థానాలూ ఇవ్వాల్సి వచ్చింది కాబట్టి వీళ్ళు 8వ స్థానానికి జరిగారు, 9వ స్థానంలో ఉన్న టెనెసీతో మొదటి మ్యాచ్ సొంత మైదానంలో పడింది. మీకు నవ్వు తెప్పించే విషయం ఇంకోటి. నాలుగు జట్ల పద్ధతి పెట్టిన మొదటి ఏడాదీ వీళ్ళే గెలిచారు, 12 జట్ల పద్ధతి పెట్టిన మొదటి ఏడాదీ వీళ్ళే. కాన్ఫరెన్స్ పేరేమో ‘బిగ్ టెన్’, అందులో ఇప్పుడు 18 జట్లు! లెక్కల మాస్టారు ఎవరో వాళ్ళకి.

మిషిగన్ మీద ఎందుకు ఓడారో మీకు ఇట్టే అర్థమవుతుంది. మధ్యలో నిలబడే సెంటర్ సెత్ మెక్లాఫ్లిన్‌కి మడమ వెనక నరం తెగింది. ఎడమ చివర కాపలా కాసే జోష్ సిమన్స్ మోకాలు ఒరెగాన్ మ్యాచ్‌లోనే పోయింది. అంటే గోడ బలహీనంగా ఉంది. అవతల మిషిగన్‌కి మధ్యలో మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ అని ఇద్దరు కొండలు. వీళ్ళేమో ఆ కొండల్లోకే పదే పదే పరిగెత్తారు. పక్కన జెరమయా స్మిత్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడున్నాడు, గాల్లో ఎటు విసిరినా పట్టేస్తాడు. వాడి వైపు విసరండిరా బాబూ అని లక్షమంది అరిచినా వినలేదు. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ పాసులన్నీ కలిపి 62 గజాలే మాస్టారూ! 62 గజాలు విసిరిన జట్టు గెలిచింది! నాకు ఇప్పటికీ టీ చేదుగా ఉంటుంది ఆ రోజు తలుచుకుంటే.

కోచ్ రైయన్ డే మీద కోపం అందుకే. పైగా ఆటగాళ్ళ కోసం ఈ ఏడాది దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని అథ్లెటిక్ డైరెక్టరే బయటికి చెప్పాడు. వేరే యూనివర్సిటీల నుంచి, అంటే అలబామా నుంచి కొందర్ని, ఓల్ మిస్ నుంచి ఒకణ్ణి, క్యాన్సస్ స్టేట్ నుంచి క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. అంత పెట్టి ఆ మ్యాచ్ ఓడితే ఊరు ఊరుకుంటుందా?

మూడు వారాల తర్వాత టెనెసీ మ్యాచ్‌కి నేనూ మా అబ్బాయీ వెళ్ళాం. చలి ఎముకల్లోకి దిగింది. స్టేడియంలో ఎక్కడ చూసినా టెనెసీ వాళ్ళ నారింజ రంగే, మన వాళ్ళు విసిగిపోయి టికెట్లు అమ్ముకున్నారు. మొదటి తప్పుకే సొంత జనం కోచ్‌ని ఛీ కొడతారేమోనని భయపడ్డాం. మొదటి క్వార్టర్ అయ్యేసరికి 21–0. స్మిత్ వైపు విసిరారు, అంతే. రోజ్ బౌల్ అనే తర్వాతి ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఒరెగాన్ మీదయితే ఒక దశలో 34–0. అక్టోబరులో ఒక్క పాయింటుతో ఓడించిన అదే ఒరెగాన్, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడని జట్టు.

కోచ్‌ని తీసేయమన్నవాళ్ళు ఇప్పుడేమంటున్నారంటే, ఏమీ అనడం లేదు. మా ఆఫీసులో ఒకాయన మాత్రం “నవంబరులో చూద్దాం” అన్నాడు.


ఇర్వింగ్ పిల్ల

మాస్టారూ, మీ నోట్‌బుక్‌లో 28–14 అని రాసిన చోట పక్కన ఒక కన్నీటి బొట్టు వేసుకోండి, అది నాది. నేను ఆస్టిన్‌లో చదివాను, టెక్సస్ జట్టు మనిషిని. ఆ మ్యాచ్ మా ఇంటికి అరగంట దూరంలో ఆర్లింగ్టన్‌లో. టికెట్ ధర చూసి ఇంట్లోనే కూర్చున్నాం. జనవరి 10, శుక్రవారం రాత్రి. సంక్రాంతి దగ్గరపడిందని అత్తయ్య అరిసెల పాకం పట్టిస్తున్నారు, నా కళ్ళు టీవీ మీద.

స్కోరు 21–14. గీతకి ఒక్క గజం దూరంలో మాకు బంతి. ఒక్క గజం! నాలుగు ఛాన్సులు. రెండో ఛాన్సులో మధ్యలోంచి తోయకుండా పక్కకి విసిరి 7 గజాలు వెనక్కి పోయారు. నాలుగో ఛాన్సులో మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ విసరబోతుంటే జాక్ సాయర్ వచ్చి చేతిలో బంతి ఊడగొట్టి, దాన్నే పట్టుకుని 83 గజాలు పరిగెత్తి అవతల గీత దాటాడు. 21–21 అవ్వాల్సింది 28–14.

డబ్లిన్ బాబాయ్ గారు వదిలేసిన విషయం ఒకటుంది. యూవర్స్ 2021లో ఒహాయో స్టేట్‌లోనే ఉన్నాడు. సాయర్, వాడూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఏడాది తిరక్కుండా యూవర్స్ మా ఊరొచ్చేశాడు. పాత రూమ్మేటే కొంప ముంచాడన్నమాట. అత్తయ్య “పాకం ముదిరిపోయింది” అన్నారు. నిజంగానే ముదిరింది. ఆ అరిసెలు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి, సుత్తి కావాలి.


నోవై నుంచి

మాస్టారు గారికి నమస్కారాలు. మాది మిషిగన్, డిట్రాయిట్ దగ్గర. ఇంత పొడుగు ఎందుకండీ, 13–10. మా ఆరు విజయాల జట్టుతో, మా వాళ్ళు కొందరు గాయాలతో ఇంట్లో కూర్చుంటే, లక్షమంది ముందు.

కప్పంటారా, కిందటేడు మాకొచ్చింది, 15 ఆడి 15 గెలిచి. అందులో ఒహాయో స్టేట్ కూడా ఉంది. డబ్లిన్ బాబాయ్ గారూ, మా ఇంట్లో ‘ఎం’ అక్షరం మీద టేపు లేదు, సంక్రాంతికి ఎందుకు రాలేదు?

జెండా విషయం మాత్రం ఒప్పుకుంటాను. అతిథిగా వెళ్ళి గెలిచాక బస్సెక్కి వచ్చేస్తే సరిపోయేది. కాన్ఫరెన్స్ వాళ్ళు రెండు యూనివర్సిటీలకీ చెరో లక్ష డాలర్లు జరిమానా వేశారు.


డబ్లిన్ బాబాయ్

రాలేదంటే ఎందుకు రాలేదో నీకు తెలుసు తమ్ముడూ. ఉగాదికి వస్తా, ఆట మాట ఎత్తకూడదు.

మాస్టారూ, కిక్ కుర్రాడి సంగతి మర్చిపోయాను. పేరు జేడెన్ ఫీల్డింగ్. మిషిగన్ మ్యాచ్‌లో రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని స్తంభాల మధ్యలోంచి పంపడం) తప్పాడు. ఒక్కోటి 3 పాయింట్లు, ఓడింది 3 పాయింట్లతో. ఆ రాత్రి ఆ పిల్లాడి గురించి ఇంటర్నెట్లో రాసినవి నేనిక్కడ రాయను. అట్లాంటాలో 31–7 నుంచి నోటర్ డామ్ 31–23 దాకా వచ్చేసిందా, మూడో ఛాన్సులో 11 గజాలు కావాల్సిన చోట హోవర్డ్ స్మిత్‌కి 56 గజాల పాస్ వేశాడా, తర్వాత ఇంక 26 సెకన్లు ఉందనగా 33 గజాల కిక్ కొట్టింది ఆ ఫీల్డింగే. మిషిగన్ మీద తప్పినవీ దాదాపు అలాంటి దూరాలే.


డ్రిల్లు మాస్టారు, రేపల్లె

అందరికీ ధన్యవాదాలు. నిక్కరు సంగతి మావాడు నాకు చెప్పలేదు. అడిగితే “చెప్తే నవ్వుతావని చెప్పలేదు” అన్నాడు. నవ్వాను. ఎర్ర టేపు ఫొటో పంపినప్పుడు బోర్డు రాసినవాడు తప్పు రాస్తే కొట్టేశారనుకున్నాను.

అమ్మా ఇర్వింగ్ పిల్లా, గీతకి ఒక్క గజం దూరంలో పక్కకి విసరమన్న కోచ్‌తో నాకూ పేచీ ఉంది. బోనస్ గీత కాలి కింద ఉండగా వెనక్కి నడిచే రెయిడర్‌ని నేనయితే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టించేవాణ్ణి. అరిసెలు పాలలో నానబెట్టి తినండి, దక్కుతాయి.

కిక్ కుర్రాడి గురించి అడిగానని అడగడమే గానీ, ఎందుకడిగానో చెప్పలేదు. ఆ 26 సెకన్ల దగ్గర మావాడి ఫోన్లో బొమ్మ ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి అందరూ గెంతుతున్నారు. ఎవడు కొట్టాడ్రా అంటే, “వాడే నాన్నా, మిషిగన్ మీద తప్పాడే, వాడే” అన్నాడు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

నేనయితే వాణ్ణి పంపేవాణ్ణి కాదు. ఒకసారి డివిజన్ ఫైనల్లో ఆఖరి రెయిడ్‌కి వెళ్ళి దొరికిపోయిన ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడుండేవాడు నా దగ్గర. మరుసటేడు అదే ఫైనల్, అదే పరిస్థితి. వాడు నా వైపు చూశాడు. నేను ఇంకొకణ్ణి పంపాను. గెలిచాం కూడా. వాడు మళ్ళీ గ్రౌండ్‌కి రాలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఆటో నడుపుతున్నాడు. నేనెక్కితే డబ్బులు తీసుకోడు, “ఉండనివ్వండి మాస్టారూ” అంటాడు. మొన్న 21న పొద్దున మ్యాచ్ అయ్యాక స్టేషన్‌కి వాడి ఆటోలోనే వెళ్ళాను. ఈ కిక్ సంగతి చెబుదామని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. రైల్వే గేటు పడింది, తర్వాత గేటు లేచింది, స్టేషన్ వచ్చేసింది.

మళ్ళీ మిషిగన్ మ్యాచ్ ఈ ఏడాది నవంబరు 29న, వాళ్ళ ఊళ్ళో అట. పోయినేడులాగే అక్కడ మధ్యాహ్నం పెడితే మాకు రాత్రి పదిన్నర. ఈసారి వాడు ఏడ్చినా నవ్వినా పొద్దున్నే ఫోన్ చేయమని మా ఆవిడ ఇప్పుడే చెప్పేసింది. నోవై తమ్ముడూ, ఆ వారం నాకు స్కోర్లు పంపొద్దు, మావాడే చెప్పాలి.